నాలుగు వేళ్ల కుట్టు

స్టేడియం గేటు దగ్గరే పిన్నికి మొదటి ఎదురుదెబ్బ తగిలింది. సంచి తెరిచి చూసిన సెక్యూరిటీ అమ్మాయి అడుగున ఉన్న చిన్న కత్తెరను రెండు వేళ్లతో పైకి తీసి, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఇది లోపలికి కుదరదమ్మా."

"అది నా చేతిలో భాగం తల్లీ. ఇరవై ఏళ్లుగా నాతోనే తిరుగుతోంది."

"చెయ్యి తీసుకుపోండి. కత్తెర ఇక్కడ పెట్టండి," అంటూ ఒక ప్లాస్టిక్ టోకెను చేతిలో పెట్టింది. నూట పదకొండు.

పక్కనున్న ఆడపడుచు కిసుక్కున నవ్వింది. "నంబరు చూశావా వదినా, మూడు నామాలు పెట్టి పంపింది."

పిన్ని నవ్వలేదు. టోకెనును కొంగున ముడివేసుకుని లోపలికి నడిచింది.

గుడారాలు, ఎండతెరలు, వేదికల పరదాలు కుట్టే షాపులో ఆవిడ పనిచేసేది. అక్కడ అందరికీ ఆవిడ పిన్నే. ఆవిడకన్నా రెండేళ్లు పెద్దవాడైన ఓనరు కూడా అలాగే పిలిచేవాడు. మెషీన్ సూది దిగని మందపాటి మూలలూ, తాళ్లు దూర్చే అంచులూ ఆవిడ చేతికే వచ్చేవి. ఈ ఏడు స్టేడియంలో టెన్నిస్ ఆడే పెద్ద కోర్టు నెట్‌కి పైన వేసే తెల్ల పట్టీ కూడా ఆవిడే కుట్టింది. స్టేడియం వాళ్లు మర్యాదకి రెండు పాసులు పంపారు. ఓనరుకు బంతాటలంటే ఆవలింతలు. "నువ్వు కుట్టిందే కదా, నువ్వే చూసి రా పిన్నీ," అని పాసులు ఆవిడ ముందు పడేశాడు.

ఒకటి తనకు, ఒకటి ఆడపడుచుకు. మొగుడు పోయి పదేళ్లయినా మొగుడి చెల్లెలు మాత్రం ఆవిడను వదలలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుంటూ, రోజుకు నాలుగుసార్లు మాటలు మానేసి అయిదుసార్లు కలిసిపోతూ బతుకుతున్నారు.

వాళ్ల సీట్లు అన్నిటికన్నా పై వరసలో ఉన్నాయి. మెట్లు ఎక్కేసరికి ఆడపడుచు రొప్పుతూ, "ఇంకో రెండు మెట్లుంటే చుక్కలే కోసుకునేవాళ్లం," అంది. కిందికి చూస్తే స్టేడియం పెద్ద గిన్నెలా ఉంది. గిన్నె అడుగున నీలం రంగు కోర్టు, దాన్ని రెండుగా కోస్తూ నల్లటి వల, వల మీద తెల్లటి గీత. ఆ గీతే పిన్ని కుట్టిన పట్టీ. పైకప్పు రెండు రెక్కలై పక్కలకు జరిగిపోయి, నడుమ ఆకాశం కనిపిస్తోంది.

"పోయిన నెల పాటగాడొచ్చింది ఇక్కడికే కదూ?" అంది ఆడపడుచు. "అప్పుడిక్కడ నేలంతా జనమేనట. ఇప్పుడు ఇద్దరాడపిల్లలకి అంత చోటు!"

"అప్పటి నల్ల పరదాలూ మావే," అంది పిన్ని.

ఆట మొదలైంది. ఒకమ్మాయి పొడుగు, ఒకమ్మాయి పొట్టి. బంతి ఇటూ అటూ పోతుంటే పదిహేను వేల తలలు ఇటూ అటూ తిరుగుతున్నాయి. పాయింటు మొదలయ్యే ముందు మాత్రం అందరూ ఒక్కసారి నోళ్లు మూసేస్తారు. అంతమంది ఒకచోట కూర్చుని అంత నిశ్శబ్దంగా ఉండటం పిన్నికి ఊపిరాడనట్టుంది. షాపులో మెషీన్లు రొదపెడుతుంటేనే ఆవిడకు మనసు కుదురుగా ఉండేది. పైగా చేతులు ఖాళీ. ఒళ్లో పెట్టుకుంది, తీసింది, సీటు అంచు కింద దోపింది, మళ్లీ తీసింది. ఆడపడుచు శాలువా అంచు చేతికి చిక్కితే మడతలు పెట్టడం మొదలుపెట్టింది.

"నా శాలువా వదులు వదినా. దానికీ కుట్లేస్తావా?"

"ఉష్," అన్నాడు పక్క సీటాయన. రిటైరైన బస్సు డ్రైవరట. మెడలో దుర్భిణి వేలాడేసుకుని, ఏటా ఇదే సీటు కొనుక్కుని వస్తాడట. ఆట గురించి అడగకుండానే చెబుతాడు. అడిగితే ఆపడు. మొదటి సెట్ పొడుగమ్మాయి గెలిచిందనీ, రెండోదీ గెలిస్తే ఆట అయిపోయినట్టేననీ ఆయనే చెప్పాడు.

రెండో సెట్ సగంలో పొడుగమ్మాయి కొట్టిన బంతి పట్టీని ముద్దాడి, ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, అవతల పడింది. జనం హో అన్నారు. ఎదురుగా ఉన్న పెద్ద తెర మీద అదే ముక్కను నెమ్మదిగా మళ్లీ చూపించారు. ఇంటి గోడంత పట్టీ. దాని మీద పిన్ని కుట్లు, ఒక్కొక్కటి చేటంత. బంతి తగలగానే పట్టీ అల అలగా వణికింది. ఆ వణుకులో, వలను నడుమ కిందికి లాగి పట్టే బెల్టు పక్కన, ఒక దారం కొస పైకి లేచి, తోక ఊపి, మళ్లీ పడుకుంది.

పిన్ని చేతులు ఆగిపోయాయి.

ఆ దారాన్ని ఆవిడ ముడి వేయలేదు.

ఇక్కడ ఆవిడ అలవాటు ఒకటి చెప్పాలి. కుట్టు మధ్యలో లేవాల్సివస్తే పిన్ని సూదిని తీసి పెట్టదు. ఎవరి చేతికీ గుచ్చుకోకుండా మొన లోపలికి పెట్టి మడతలోకి నెట్టేసి లేస్తుంది. మళ్లీ వచ్చి వేలితో తడిమి, అక్కడినుంచే అందుకుంటుంది. అందరూ అదొక పనితనమనుకునేవాళ్లు. అసలు సంగతి ఆడపడుచుకొక్కదానికే తెలుసు. పిన్నికి చత్వారం. కిలోమీటరు దూరంలో బస్సు నంబరు చదివేస్తుంది, కళ్లజోడు పెట్టుకున్నా సూది బెజ్జం మాత్రం కనిపించదు. పొద్దున్నే కిటికీ దగ్గర ఆడపడుచు పది సూదులకు దారం ఎక్కించి ఇస్తే, వాటితోనే రోజంతా నెట్టుకొస్తుంది. అందుకే దారమున్న సూది ఆవిడకు ప్రాణం. కుట్టడానికి కళ్లక్కర్లేదు, వేళ్లు చాలు. కానీ బెజ్జం కనిపించని కుట్టుపనిదాన్ని ఏ షాపు పెట్టుకుంటుంది?

నెట్ పంపాల్సిన రోజు అదే జరిగింది. ఆఖరి నాలుగు వేళ్ల కుట్టు మిగిలుండగా, ఓనరు పిలిచాడని పిన్ని లేచి వెళ్లింది. తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ. వ్యాన్ వచ్చిందని ఎవరో చుట్టచుట్టి పంపేశారు. అయిపోయిందనుకునే పంపుంటారు, తానే పూర్తిచేసి మరిచిపోయి ఉంటుంది అని సర్దిచెప్పుకుంది. సాయంత్రం సూదులు లెక్కచూసుకుంటే తొమ్మిదే ఉన్నాయి. ఒకటి ఎక్కడో జారిపోయి ఉంటుందని దానికీ సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకున్నవన్నీ ఇప్పుడు తెర మీద తోక ఊపాయి.

"అయ్యా, ఆ దుర్భిణి ఒక్కసారి ఇవ్వండి."

డ్రైవరు ఇచ్చాడు. పిన్ని చూసింది. ఉంది. సన్నటి తెల్లటి కొస. దాని చివర, లోపలి మడతలో, పైకి కనిపించకపోయినా, బొటనవేలంత పొడుగు సూది ఉంటుందని ఆవిడకు తెలుసు.

"ఆట అయ్యాక ఏం చేస్తారు వీళ్లు?"

"ఏముంది, నెట్ దగ్గరికొచ్చి చేతులు కలుపుతారు. కొందరు ఆ పట్టీ మీద చెయ్యేసి వాలిపోతారు కూడా. పోయినేడు గెలిచిన పిల్ల అయితే దాన్ని పట్టుకుని ముఖం దాచుకుని ఏడ్చింది, పాపం."

"ఎక్కడ?"

"ఎక్కడంటే... నడుమనే. ఆ బెల్టు దగ్గర."

పిన్ని దుర్భిణి తిరిగిచ్చేసింది. "ఇంకెంతసేపు పడుతుంది ఆట?"

"దానికి గడియారం ఉండదమ్మా. పావుగంటలో అవ్వొచ్చు, రెండు గంటలూ పట్టొచ్చు."

పిన్ని లేచింది. "కూర్చోండి!" అని వెనకనుంచి కేక. కూర్చుంది. మళ్లీ లేచింది. ఆడపడుచు చెయ్యి పట్టి లాగింది. "ఏమైంది వదినా? పీటలో ముల్లుందా?"

పిన్ని చెవిలో చెప్పింది. ఆడపడుచు అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించి, "నోరు మూసుకో. ఎవరి కంటా పడలేదు. గుచ్చుకుంటే గుచ్చుకుంటుంది, ఎక్కడిదో ఎవరికి తెలుసు? చెప్పావనుకో, ఎందుకొదిలావని అడుగుతారు. అప్పుడు నీ కళ్ల సంగతీ బయటపడుతుంది. ఉన్న పని కాస్తా ఊడుతుంది," అంది.

"ఆ పిల్లల చేతులే వాళ్ల పని కదే."

"మరి నీ పని?"

పిన్ని ఆట ఆగేదాకా కాచుకుంది. ఆటగాళ్లు పక్కలు మారడానికి కూర్చున్నప్పుడు మాత్రమే జనాన్ని కదలనిస్తారు. ఆ కాస్త సందు దొరకగానే లేచి మెట్లు దిగడం మొదలుపెట్టింది. "ఒసేయ్ వదినా, ఆగు!" అంటూ ఆడపడుచు వెనకే వచ్చింది. ఇన్నేళ్లలో వదినను ఒసేయ్ అనడం అదే మొదటిసారి. ఇద్దరూ గమనించలేదు.

కింద, కోర్టులోకి పోయే సొరంగం లాంటి దారి దగ్గర ఇంకో సెక్యూరిటీ అమ్మాయి నిలబడి ఉంది.

"లోపల సూదుందమ్మా," అంది పిన్ని.

"ఫస్ట్ ఎయిడ్ అటువైపు."

"ఫస్ట్ ఎయిడ్ రాకూడదనే చెబుతున్నా! నెట్‌లో సూదుంది."

ఆ అమ్మాయి ఎగాదిగా చూసింది. "మీకెలా తెలుసు? పైనుంచి కనిపించిందా?"

పైనుంచి కనిపించిందని చెప్పొచ్చు. చూసినదాన్నని చెప్పి, కుట్టినదాన్నని చెప్పకుండా తప్పుకోవచ్చు. ఆడపడుచు వెనకనుంచి వీపు మీద పొడుస్తోంది, అదే చెప్పమని. కానీ అలా చెబితే ఎవరు నమ్ముతారు? పైవరసలోంచి సూదిని చూసిన ముసలమ్మని పక్కకు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తారు. అంతే.

"నేనే వదిలాను," అంది పిన్ని. "ఆ పట్టీ కుట్టింది నేనే."

ఆ అమ్మాయి వాకీటాకీలో ఏదో చెప్పింది. కాసేపటికి కోర్టు చూసుకునే పెద్దాయన వచ్చాడు. ఎండకు కాగిన ముఖం, చేతిలో నెట్ ఎత్తు కొలిచే కర్ర. ఆయన విసుగ్గా మొదలుపెట్టాడు. "పొద్దున నేనే కట్టానమ్మా ఆ నెట్. ఈ కొసనుంచి ఆ కొసదాకా చేత్తో తడిమాను. ఏమీ లేదు."

"పొడుగునా తడిమి ఉంటారు. అడ్డంగా నొక్కితేనే తెలుస్తుంది. అంపైర్ కుర్చీ వైపు కాదు, అవతలి వైపు. బెల్టుకి నాలుగు వేళ్ల దూరం. మొన లోపలికి తిప్పి ఉంది. అక్కడిదాకా కుట్లు వేలికి అయిదు చొప్పున ఉంటాయి, అక్కడ ఆగిపోతాయి. చూసుకోండి."

ఆయన విసుగు తగ్గింది. కుట్లు లెక్కచెప్పేవాళ్లతో వాదించలేడు.

"ఇప్పుడు పొడుగమ్మాయి అయిదు గేములు, పొట్టిపిల్ల మూడు," అన్నాడు. "ఈ గేమూ పొడుగమ్మాయిదైతే ఆట అయిపోయినట్టే."

ముగ్గురూ సొరంగం నోట్లో నిలబడి చూశారు. పిన్నికి జీవితంలో ఏ ఆటలోనూ ఎవరు గెలవాలో పట్టలేదు. ఇప్పుడు పొట్టిపిల్ల గెలవాలని కాలి బొటనవేళ్లు నేలకేసి నొక్కుతోంది. ఆ గేము పొట్టిపిల్లే గెలిచింది. కూర్చోవడానికి కుర్చీలవైపు వెళ్లారు.

పెద్దాయన కర్ర పట్టుకుని, ఎత్తు కొలిచేవాడిలా కోర్టులోకి వెళ్లాడు. కర్ర ఆనించి, పట్టీని నొక్కి, ఇంకోచోట నొక్కి, అంపైరుతో ఏదో మాట్లాడి తిరిగొచ్చాడు. తల అడ్డంగా ఊపాడు.

"లేదమ్మా."

"ఎటు నొక్కారు?"

"నువ్వు చెప్పినట్టే."

"ఇలా నొక్కారా, ఇలానా?" పిన్ని ఆయన ముంజేతినే పట్టీ చేసుకుని బొటనవేలితో చూపించింది.

ఆయన నాలుక కరుచుకున్నాడు. "మొదట నువ్వు చూపినట్టే."

"అది పైమడత. సూది లోపలి మడతలో ఉంది. ఇంకోసారి వెళ్లండి."

"వెళ్తే వెళ్లేది నువ్వే. అంపైరుకు చెప్పాను. మళ్లీ విరామమంటూ వస్తే, వెతికేదెవరో వాళ్లనే తీసుకురమ్మన్నాడు. అక్కడ సూది లేకపోతే మాత్రం నీకన్నా ముందు నేను ఇంటికి పోతాను."

విరామమంటూ వస్తే. పొడుగమ్మాయి ఇంకొక్క గేము గెలిస్తే ఇక విరామం ఉండదు, చేతులు కలపడమే. పిన్ని గోడకు ఆనుకుంది, ఆనుకోలేకపోయింది. ఆడపడుచు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. మాటిమాటికీ "ఒక్క పాయింటే" అంటున్నాడు పెద్దాయన. ఆ ఒక్క పాయింటూ మూడుసార్లు పొడుగమ్మాయి ముంగిట్లోకొచ్చి వెనక్కి పోయింది. మూడోసారి బంతి మళ్లీ పట్టీకే తగిలింది. పిన్ని కళ్లు మూసుకుంది. జనం అరిచారు. తెరిచేసరికి ఇంకా ఆడుతూనే ఉన్నారు. అయిదు అయిదు. తర్వాత ఆరు అయిదు. పొట్టిపిల్ల ముందుకొచ్చింది. ఇద్దరూ కుర్చీలవైపు నడిచారు.

"రా," అన్నాడు పెద్దాయన. తన పచ్చ జాకెట్టు విప్పి ఆవిడ భుజాలమీద వేశాడు.

సొరంగంలోంచి వెలుగులోకి అడుగుపెట్టాక కోర్టు పైనుంచి కనిపించినంత చిన్నదిగా లేదు. నేల పాదాల కింద గరుగ్గా, వేడిగా ఉంది. పదిహేను వేల మంది చూస్తున్నారని పిన్నికి తెలుసు కానీ తలెత్తలేదు. పెళ్లిచూపుల్లో కూడా ఇంతలా తల వంచుకోలేదు. నెట్ దగ్గరికి వెళ్లి, బెల్టు పక్కన నాలుగు వేళ్లు ఆనించి, బొటనవేలు అడ్డంగా నొక్కింది.

ఉంది.

మొనకు ఎదురుగా వేలు పెట్టకుండా, వెనకనుంచి నెట్టి, సూదిని రెండు వేళ్లతో పైకి లాగింది. ఎండలో మెరిసింది. అంపైరు కుర్చీలోంచి ముందుకు వంగాడు. పెద్దాయన నోటివెంట వచ్చిన మాట ఇక్కడ రాయదగ్గది కాదు.

"సరే, తీసెయ్ తీసెయ్," అన్నాడు తేరుకుని.

"తీస్తే కుట్టు ఊడిపోతుంది. ముడి లేదు. నాలుగు దెబ్బలకి పట్టీ నోరు తెరుస్తుంది."

"మరి?"

"కుట్టేస్తా."

అంపైరు గడియారం చూసుకుని, "త్వరగా" అన్నాడు. పిన్ని వంగింది. పట్టీ వదులుగా జారుతోంది. షాపులో అయితే అవతలినుంచి ఎవరో ఒకరు లాగి పట్టుకుంటారు. ఇక్కడ అవతల ఎవరిదో నీడ పడింది. తువ్వాలు మెడలో వేసుకుని పొడుగమ్మాయి నిలబడి చూస్తోంది.

"ఇటు లాగి పట్టుకోమ్మా," అంది పిన్ని, తలెత్తకుండానే. "అంత గట్టిగా కాదు. ఆ... అదీ. నిదానంగా ఊపిరి పీల్చుకో, పట్టీ ఊగుతోంది."

ఆ పిల్ల బుద్ధిగా పట్టుకుంది. పిన్ని వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి. వేలికి అయిదు చొప్పున నాలుగు వేళ్లకి ఇరవై. ఇంటినుంచి బయల్దేరాక ఆవిడ స్థిమితంగా ఉన్నది ఆ ఇరవై కుట్లసేపే. చివర రెండు మెలికలు తిప్పి ముడి బిగించింది. అలవాటుగా చెయ్యి నడుం దగ్గరికి పోయింది. కత్తెర లేదు. గేటు దగ్గర ఉంది. పిన్ని ముందుకు వంగి దారాన్ని పళ్లతో కొరికేసింది.

అప్పుడు నవ్వు లేచింది, గిన్నె అంచులదాకా. తలెత్తి చూస్తే పెద్ద తెర మీద ఆవిడే, ఇంటి గోడంత, దారం కొరుకుతూ. వెంటనే చప్పట్లు. పిన్ని సూదిని జాకెట్టు కాలరుకు గుచ్చి, మళ్లీ తీసి, పిడికిట్లో పట్టుకుని, పరుగులాంటి నడకతో సొరంగంలోకి దూరిపోయింది.

ఆట ఇంకో గంట సాగింది. పిన్ని పై సీటుకు వెళ్లలేదు. పోయి కూర్చోమంటే వినలేదు. అక్కడే నిలబడి, ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారుతూ చూసింది. చివరికి పొట్టిపిల్ల గెలిచింది. ఓడిన పొడుగుపిల్ల నెట్ దగ్గరికొచ్చి, చెయ్యి కలిపి, పోతూ పోతూ ఆ బెల్టు పక్కన అరచేత్తో గట్టిగా ఒక్క దెబ్బ వేసింది. అది కోపమో, బాధో. చెయ్యి పైకి లేచింది. పిన్ని ఆ అరచేతినే చూసింది. శుభ్రంగా ఉంది.

పెద్దాయన జాకెట్టు తీసుకుంటూ, "రిజిస్టరులో రాయాలమ్మా. ఏ షాపు?" అన్నాడు. పిన్ని చెప్పింది.

బయటికి పోయే గేటు దగ్గర, టోకెన్ల వరసలో నిలబడి ఉండగా ఫోన్ మోగింది. ఓనరు. ఆడపడుచు తీయొద్దని సైగ చేసింది. పిన్ని తీసింది.

"టీవీలో చూశాను పిన్నీ," అన్నాడు. గొంతు మామూలుగా లేదు. "షాపులో నీకు కత్తెర ఇవ్వలేదని ఊరంతా అనుకుంటోంది."

"గేటు దగ్గర లాక్కున్నారు."

"స్టేడియం వాళ్లూ ఫోన్ చేశారు. అసలు సూది అందులో ఎందుకుంది?"

పిన్ని చెప్పింది. బెజ్జం కనిపించదనీ, ఆడపడుచు పొద్దున్నే ఎక్కించి ఇస్తుందనీ, దారమున్న సూదిని వదులుకోలేక మడతలో దాస్తుందనీ, ఎన్నేళ్లుగానో అదీ చెప్పింది.  అవతల ఓనరు వెనక టీవీలో ఎవరో చప్పట్లు కొడుతున్నారు.

"చెప్పి ఉండాల్సింది," అన్నాడు చివరికి.

"చెబితే ఉంచుకునేవాడివా?"

అవతల టీవీ ఆగిపోయింది.

"ఇంకోటి," అంది పిన్ని, ఎలాగూ పోయేదేదో పోయిందన్న తెగింపుతో. "నేను అయిందని చెప్పకుండా నా బల్లమీద బట్ట బండెక్కకూడదు."

"పని ఉంటుందో లేదో తెలియకుండా షరతులా?"

"ఉంటుందా?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత, "సోమవారం రా. కూర్చుని మాట్లాడదాం. ఆ సూది తెచ్చివ్వు," అని పెట్టేశాడు.

"ఏమన్నాడు?" అంది ఆడపడుచు.

"రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు."

వరస కదిలింది. పొద్దుటి సెక్యూరిటీ అమ్మాయి టోకెను అందుకుని, పిన్ని ముఖం చూసి ఆగిపోయింది. "మీరే కదూ తెరమీద?" అంటూ కత్తెరను ఈసారి రెండు చేతులతో అందించింది.

పిన్ని పిడికిలి విప్పింది. సూదికి ఇంకా జానెడు దారం వేలాడుతోంది. మళ్లీ పనికొచ్చే దారమే. కత్తెరతో దాన్ని బెజ్జం దగ్గర కత్తిరించి, కొస లాగి పారేసింది.

"అయ్యో వదినా! మళ్లీ ఎక్కించొద్దూ? నువ్వెలా ఎక్కిస్తావు?"

"ఎక్కించలేను," అంది పిన్ని, బస్సు వస్తుందేమోనని రోడ్డు కొసదాకా చూస్తూ. "షాపులో ఎవరినైనా అడుగుతాను."